మూడో రకం కట్ట

బర్రెను ఇంట్లో కట్టేయాలంటే ముందుగాల దేవుని పటం తీయాలి. తర్వాత ఉట్టి. తర్వాత దండెం మీది బట్టలు, గూట్లోని దీపంబుడ్డి, మూలనున్న నీళ్ల రంజన్. అన్నీ మూటలు కట్టి, గడ్డివాము వెనక దాచి, పైన తాటికమ్మలు కప్పి వచ్చేసరికి సమ్మమ్మకు పొద్దు నెత్తిమీదికొచ్చింది. మిగిలింది పొయ్యి ఒక్కటే.

ఆ పొయ్యి ఆమె చేత్తో పెట్టుకున్నది. కుంటలోంచి ఒండ్రుమన్ను తెచ్చి, ఊక కలిపి కాళ్లతో తొక్కి, మూడు గుమ్మటాలు నిలబెట్టి, ఆరేదాకా తడిచేత్తో నిమిరి నిమిరి నున్నగా చేసుకున్నది. ఇప్పుడు గడ్డపార పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చుంది. ఎత్తింది. ఎత్తిన చెయ్యి అట్లనే ఉండిపోయింది.

“కొట్టరాదే, ఇంకేం జూత్తానవ్?” వాకిట్లోంచి సారంగపాణి అన్నాడు. రాజేశ్వర్ రావు దొర దగ్గర గుమాస్తా అతను. ధోవతి కుచ్చెళ్లకు పేడ అంటకుండా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేతిలో గొడుగుతో ఇల్లిల్లూ చూసుకుంటూ వస్తున్నాడు. వెనక దొర జీతగాళ్లు బర్లను తోలుకొస్తున్నారు, ఇంటికి రెండు చొప్పున.

“శుక్కురారం పొయ్యి తవ్వితే ఇల్లు నిలువదంటరు పంతులూ.”

“ఇల్లెక్కడిదే సమ్మీ? రేపు మాపటిదాక ఇది కొట్టం.”

జీతగాడొకడు కిసుక్కుమన్నాడు. సమ్మమ్మ గడ్డపార పక్కన పెట్టింది. రెండు మోపుల వరిగడ్డి తెచ్చి పొయ్యి మీద కుప్పపోసింది. “ఇగో, అయిపాయె,” అంటూ చేతులు దులుపుకుంది. సారంగపాణి లోపలికి తొంగిచూసి, సరేనన్నట్టు తల ఊపి పక్కింటికి పోయాడు.

సంగతి నిన్న పొద్దుగాల్నే చెప్పాడు, హుసేన్‌బీ వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి. కట్ట కింద ఉన్నవి పదిపన్నెండు ఇండ్లు. కుంట సర్కారుది కాదు. దొర తాత తన పట్టా భూమిలో, తన పొలాల కోసం మన్ను పోయించుకున్న కట్ట అది. కట్ట కింది చవుడు జాగాలో దొర పనిమనుషులు ఇండ్లేసుకున్నారు. జాగా దొరది, మన్ను దొరది, గోడలు మాత్రం వీళ్లవి.

“పోయినేడు గుజరాత్‌ల ఒక డ్యాం తెగి, ఊరికి ఊరే కొట్టుకపోయిందట,” అన్నాడు సారంగపాణి. “సర్కారుకు భయం జొచ్చింది. ఇగ పట్టా కుంటలను గూడ సూత్తాన్రు. కట్టలన్నిటిని మూడు రకాలు జేత్తరట. ములుగు నుంచి ఓవర్సీర్ సాబు వత్తాండు.”

“కట్ట గట్టిగున్నదా మెత్తగున్నదా అని సూత్తడా బాబూ?” హుసేన్‌బీ అడిగింది. ఆమె ముసల్ది. నాలుగు మేకలు, ఒక నులక మంచం ఆమె సంసారం. కుంట కింద నాట్లేసి నాట్లేసి నడుం వంగిపోయింది.

“అది గాదే అవ్వా. కట్ట తెగితే ఎవలు వోతరని సూత్తరు. కింద మనుషులుంటే ఒకటో రకం. పెద్ద తొవ్వో, బడో ఉంటే రెండో రకం. వట్టి పొలాలు, పశులే ఉంటే మూడో రకం.”

“ఒకటో రకమైతే ఏమైతది?” అన్నాడు వెంకటయ్య. దొర నాగలి దున్నేది అతనే.

“ఏమైతది? కట్టకు రాయి పరవాలె. మత్తడి పెద్దగ జెయ్యాలె. ఏటేట ఇంజనీరు వచ్చి సూసిపోవాలె. ఇగ మీరే చెప్పున్రి. దొరకు రాళ్లు మోపిచ్చుడు అలకనా, మిమ్ముల లేపుడు అలకనా?”

హుసేన్‌బీ మేకొకటి సారంగపాణి గొడుగు కొసను నాకుతుంటే అతను దాన్ని మోకాలితో నెట్టాడు. గొంతు తగ్గించాడు.

“ఒక్క పూట. బర్లను లోపల కట్టుకోన్రి, మీరు పొలాలకాడికి పోన్రి. మూడో రకమని రాసుకపోతే, దసరకు ఇండ్ల జాగలు ఆడోళ్ల పేరు మీద రాసిత్తనన్నడు దొర. నా ముంగటనే అన్నడు.”

ఆడోళ్ల పేరు మీద అనేసరికి సమ్మమ్మ తల ఎత్తింది. పెళ్లయిన కాణ్నుంచి దొర ఉండే గడి వెనక కొట్టంలో, గడ్డివాముల పక్కన బతికి వచ్చిన మనిషి. ఈ ఇంటి గోడలు వరసకింత చొప్పున, వానలు పడక ముందే, తనే పెట్టింది. ఎవరన్నా లేవమంటే లేవాల్సిన గోడలు. లేవమనలేని గోడలు ఎట్లా ఉంటాయో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం బాగా ఉన్నది.

బర్లను లోపల కట్టేసిన నాటి మాపటికి బిందె చంకన పెట్టుకుని చెలిమెకు పోయింది. కట్ట అడుగున, తూముకు ఇవతల, నడి ఎండాకాలంలో కూడా గడ్డి ఎండని చోటొకటి ఉంది. అక్కడ మోకాలిలోతు గుంట తవ్వి చుట్టూ రాళ్లు పేర్చారు. అదే చెలిమె. కుంటనీళ్లు కట్టలోంచి ఊరి ఊరి, మన్నులో వడగట్టుకుని, తేటగా వచ్చి నిండుతాయి. ఎంత తోడితే అంత ఊరుతుంది. ఊళ్లో బాయి నీళ్లు ఉప్పన. గడిలో దొరసాని సుత ఈ నీళ్లే తాగుతుంది. అందుకే ఒక కట్టుబాటు ఉన్నది. పొద్దుగాల గడి బిందెలు నిండనిదే చెలిమెలో ఎవరూ చెంబు ముంచరు.

పైన కట్ట మీద కొమురెల్లి కనిపించాడు. ఆమె పెనిమిటి, కుంటకు నీరటి. తూము ఎత్తేది, దించేది, కుంట నిండితే మిగులు నీళ్లు పోయే మత్తడి కాసేది అతనే. నడుముకు తువ్వాల చుట్టుకుని మత్తడి దగ్గర నాచు పీకుతున్నాడు.

ఈ ఏడు దొర కుంటలో చేపపిల్లలు పోయించాడు. నీళ్లు మత్తడి దుంకితే చేపలూ దుంకుతాయని, మత్తడికి అడ్డం ఇసుక సంచులు పేర్పించి, వాటి మీద వెదురు తడిక కట్టించాడు. తుంగ, తీగలు, కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలు ఆ తడికకు తట్టుకుని, చూస్తుండగానే అదొక గోడైంది. మత్తడి దుంకిన రోజు కట్టమైసమ్మకు యాట కోయడం ఆనవాయితీ. ఈసారి నీళ్లు ఎప్పటికన్నా పైకే వచ్చి నిలబడ్డాయి, మత్తడి మాత్రం దుంకలేదు. దుంకలేదు గనక యాటా కోయలేదు.

“ఎంత పీకినా గంతేనా?” కింది నుంచి అడిగింది సమ్మమ్మ.

“ఎంత పీకినా గంతే. పొద్దటికి మల్ల అట్లనే.”

“తడికనే తీసెయ్యరాదు?”

“దొర తియ్యిమంటే తీత్త.”

“అనకుంటే?”

“అనకుంటే దొర చేపలు, దొర తడిక.” నాచు ముద్దను కట్ట ఇవతలికి విసిరాడు. అది ఆమె కాళ్ల దగ్గర థప్పున పడింది. “ఇంట్ల బర్లు సక్కగున్నయా?”

“నాకంటె సక్కగున్నయి. పండుకోను జాగ నీకున్నదో లేదో సూసుకో.”

కొమురెల్లి నవ్వాడు. నవ్వి, కట్ట వాలు మీద ఒకచోట కాలితో అదిమి చూశాడు. మడిమ దిగబడింది. తీసి, పాదం గడ్డికి తుడుచుకున్నాడు. ఆమె చూస్తున్నదని చూసి, చూపు కుంట మీదికి తిప్పాడు.

*

ఓవర్సీర్ ఖాజా పాషా మర్నాడు మధ్యాహ్నం గడిలో బువ్వ తిని, తమలపాకు నములుతూ వచ్చాడు. పొట్టి మనిషి. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని కట్ట ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచాడు. ఎలుక బొరియ కనిపిస్తే కూర్చుని కట్టెపుల్ల దూర్చి చూశాడు. మత్తడి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. సారంగపాణి పక్కన గొడుగు పట్టి చేపల సంగతి, దొర మంచితనం సంగతి చెప్తూనే ఉన్నాడు.

కట్ట కింద ఇండ్లు సద్దుచేయకుండా ఉన్నాయి. అందరూ పొలాల వైపు పోయారు. బర్లకు కాపలా అన్న పేరుతో సమ్మమ్మ, హుసేన్‌బీ మాత్రం మిగిలారు. ప్రతి గుమ్మంలోంచీ ఒక నల్లటి మొహం బయటికి చూస్తున్నది.

ఖాజా పాషా ముందు హుసేన్‌బీ ఇంటి దగ్గర ఆగాడు. లోపల రెండు బర్లు పడుకుని నెమరేస్తున్నాయి. ద్వారబంధం మీద సున్నంతో రాసిన ఏడువందల ఎనభయ్యారు అట్లనే ఉన్నది. నమాజు చాప, తస్బీ దండ అన్నీ దాచిన ముసలమ్మకు తలుపు పైన చూడడం గుర్తుకు రాలేదు.

“ఖాలా,” అన్నాడు ఓవర్సీర్ నెమ్మదిగా, “దొరవారి బర్లు నమాజ్ సుత జేత్తయా?”

హుసేన్‌బీ పైకి చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. “దొర బర్లు బేటా,” అన్నది చివరికి, “ఏమైన జేత్తయి.”

సారంగపాణి పెద్దగా నవ్వాడు. ఓవర్సీర్ నవ్వీ నవ్వనట్టు మూతి తుడుచుకుని ముందుకు నడిచాడు. సమ్మమ్మ ఇంటి ముందు ఆగాడు. ఆగి లోపలికి చూస్తూ ఉండిపోయాడు.

ఏం చూస్తున్నాడా అని ఆమె కూడా తొంగిచూసింది. బర్రె గడ్డి తింటున్నది. నిన్నటి నుంచీ తింటూనే ఉన్నట్టుంది. పొయ్యి మీద పోసిన రెండు మోపుల్లో గంపెడు కూడా మిగల్లేదు. అది తాపీగా నాలుక చాపి ఒక్కో పరక లాగుతుంటే, మసిబారిన ఒక గుమ్మటం, తర్వాత ఇంకొకటి, ముసుగు తీసినట్టు బయటపడుతున్నాయి. బర్రె ముందు గడ్డి దాపెట్టడమేమిటి, నా తెలివి తగలెయ్య అని తన్ను తానే తిట్టుకుంది.

“వండి పెడ్తరా బర్లకు?” అన్నాడు ఖాజా పాషా.

“కుడితి కాస్తం సారు.”

“పోపు గిట్ల ఏత్తరా?”

ఆమె కాలి బొటనవేలితో నేల గీసింది. అతను రెట్టించలేదు. సంచిలోంచి కాగితాలు, పెన్నూ తీశాడు. నుదుటి చెమట తుడుచుకుని, “జర మంచినీళ్లియ్యమ్మా,” అన్నాడు.

“గడికి పోదాం సార్, మజ్జిగ తీసిపెట్టమన్నరు దొరసాని,” సారంగపాణి అందుకున్నాడు.

“గడిదాక ఆగదు పంతులుగారూ, దూపైతాంది.”

కొట్టంలో చెంబు ఎక్కడి నుంచి వస్తుంది? సమ్మమ్మ గడ్డివాము వెనక్కు పోయి, మూటలోంచి ఇత్తడి చెంబు తీసి, చెలిమెకు ఉరికి నింపుకొచ్చింది. ఓవర్సీర్ వెంటనే తాగలేదు. నీళ్లు అరచేతిలో కొన్ని పోసుకుని ఎండకు పెట్టి చూశాడు.

“ఆ చెలిమెవేనా?”

“ఔ సారు. కొబ్బరినీళ్ల లెక్కుంటయి. గడికి సుత గవ్వే.”

“తేటగున్నయి.” గటగటా తాగాడు. చెంబు చేతికిస్తూ, ఎడ్ల సంతలో బేరం మాట్లాడుతున్నంత మామూలుగా అన్నాడు. “తేటగున్నన్ని దినాలు ఫికర్ లేదు. రంగు మారినయనుకో, ఎవ్వరినీ అడుగకు. చెంబు ఆడనే ఇడిసిపెట్టి, బర్లను మెరక మీదికి తోలుకపో. ముసలి బర్లను, దూడలను, అన్నిట్ని. ఒక్కటి సుత మిగులద్దు.”

సారంగపాణి గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సమ్మమ్మ తల ఊపింది. అతను బర్లని ఎవరినంటున్నాడో ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు మొహంలో కనపడనీయలేదు.

“ఇగ చెప్పు,” పెన్ను మూత తీశాడు ఖాజా పాషా. “నేను సూసింది రాయాల్నా, నువ్వు చెప్పేది రాయాల్నా? కట్ట కింద ఎవరన్న ఉన్నరా?”

హుసేన్‌బీ తన గుమ్మంలోంచి చూస్తున్నది. ఉన్నమని అంటే రేపు పొద్దుకు ఈ గోడలు ఉండవు. లేమని అంటే దసరాకు ఆమె పేరు మీద ఉంటాయి. ఉన్నమంటే లేకుండా పోయేదీ, లేమంటే ఉండేదీ, ఇదేం లెక్కో. గోడ మీద చెయ్యి వేసింది. తన వేళ్ల అచ్చులు ఎండిన మన్నులో ఇంకా ఉన్నాయి.

“ఎవ్వరు లేరు సారు,” అన్నది. “బర్లుంటయి.”

అతను ఆమె మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత వంగి, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసింది రెండు మాటలో మూడో. గడి తమలపాకును ఆవలికి ఉమ్మేసి, చెప్పులు తొడుక్కుని జీపు దగ్గరికి పోయాడు.

*

బర్లను ఆ మాపటికి తీసుకుపోలేదు. మర్నాడూ జీతగాళ్లు రాలేదు. అడగడానికి సమ్మమ్మ గడి వాకిట దాకా పోతే సారంగపాణి మెట్ల మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు.

“పెద్ద ఇంజనీరు సంతకం గావాలెనే. ఆయన ఎన్నడు వత్తడో, మిట్టమధ్యాహ్నం వత్తడో, తెల్లారక ముందే మబ్బుల వత్తడో. వచ్చినప్పుడు పొయ్యిల మీద కూర ఉడుకుతాంటే నా మొకం ఏడ పెట్టుకోవాలె? దసరదాక ఉండనియ్యిన్రి.”

“దసరదాక మేమేడ పండాలె?”

“సూరు కింద పండున్రి. వానకాలమంతా బర్లు పండలేదా?”

సూరు కింద పండుకున్నారు. ఇండ్లల్లో బర్లు, ఇండ్ల చుట్టూ మనుషులు. పుబ్బ కార్తె వాన సన్నగా మొదలై, విడవకుండా పట్టుకున్నది. బర్లు గోడలకు ఒళ్లు రుద్దుకుంటే సమ్మమ్మ చేతి అచ్చులు ఊడి రాలాయి. అలికిన నేల ఉచ్చ గుంటలైంది. చూరుకు పాకిన సొరతీగను ఒక పూట అందినకాడికి మేసేశాయి. ఆమె గడప అవతల గొంగడి కప్పుకుని కూర్చుని, లోపల తన ఇంట్లో అవి ఊపిరి తీయడం వినేది. వెచ్చటి ఊపిరి. చలికి దానికే ఒరిగి కునుకు తీసేది. కొమురెల్లి ఇంటికే రావడం లేదు. తడిక దగ్గరే, తాటాకు గూడులో.

“ఎందుకే గంత మొకం?” అన్నది హుసేన్‌బీ. “దసర ఎంతల వత్తది? నా ఇంట్లున్న బర్రె ఈనేటట్టున్నది. ఈనితే జున్నుపాలు నాయే.”

“దొర తాగనిత్తడా అవ్వా?”

“దొరకు చెప్తేగద.”

వాన మూడోనాడు దంచికొట్టింది. కట్ట మీద నీళ్లు చారలుగా కారాయి. మర్నాడు పొద్దుగాల తెరిపిచ్చింది. పొద్దెక్కుతుండగా జీతగాళ్లు ఉరుకులాడుతూ వచ్చారు. ఎప్పుడూ పలుపులు చుట్టి భుజాన వేసుకుని, బర్లను అదిలించుకుంటూ తోలేవాళ్లు, ఇప్పుడు పలుపులు విప్పే ఓపిక కూడా లేనట్టు గుంజల దగ్గర కొడవలితో కోసి తోలారు. ఈనేటట్టున్న బర్రెను ఇద్దరు పట్టుకుని నడిపించారు.

“ఇంజనీరు వచ్చిపోయిండా?” అని సమ్మమ్మ అడిగింది.

వాళ్లలో ఒకడు ఎల్లస్వామి. ఆమె వైపు చూసి, ఏదో అనబోయి, తల దించుకున్నాడు. “దొర తోలుకరమ్మన్నడు, అక్కా. గంతే నాకెర్క,” అంటూ బర్రె నడుం మీద చరిచాడు. మంద గడి గడ్డ మీదికి ఎక్కిపోయింది.

ఇల్లు తన చేతికొచ్చింది. సమ్మమ్మకు కాళ్లల్లో బలమొచ్చింది. ఇల్లంతా ఊడ్చింది. ఉచ్చ గుంటల్లో బూడిద చల్లి, పైన ఎర్రమన్ను మెత్తింది. అవే బర్ల పేడతో, వాటి మీది కసి తీరేటట్టు, మూల మూలకూ అలికింది. పొయ్యి మీది ఆఖరి గడ్డిపరక తీసేసి గుమ్మటాలను తడిచేత్తో నిమిరింది. ఒక్కటి కూడా పగల్లేదు. పటం తెచ్చి గోడకు తగిలించి, కొంగుతో తుడిచింది. పిడకలు పెట్టి పొయ్యి అంటించింది. ఎసరు పెట్టడానికి నీళ్లు లేవు. బిందె తీసుకుని చెలిమెకు నడిచింది.

నడక మధ్యలో ఆగింది.

తొవ్వ పక్కన గడ్డి మీద నీళ్లు కుమ్మరించిన జాడ. ఒక్కచోట కాదు, రెండు చోట్ల, బిందెడు బిందెడు. వాననీళ్లయితే ఇంకిపోయేవి. ఇక్కడ గడ్డిపరకల మీద చాయ తాగిన గిలాస అడుగున మిగిలినట్టు ఎర్రటి మడ్డి మిగిలింది. గడి బిందెలు. పొద్దుగాల గడికి పోయినవి, గడి నుంచి వెనక్కి తెచ్చి ఇక్కడ పారబోసినవి. కొత్త నీళ్ల కోసమని చెలిమె దాకా పోయినట్టు అడుగులున్నాయి. చెలిమె నుంచి అవే అడుగులు ఉత్తగా వెనక్కి వచ్చాయి.

ఆమె మిగిలిన దూరం ఉరికింది. చెలిమె పొంగి, రాళ్లు దాటి పారుతున్నది. నీళ్లు చాయ రంగున్నాయి. వంగి చూసింది. అడుగున ఇసుక రేణువులు, ఉడుకుతున్న ఎసట్లో బియ్యపు గింజల్లా, కుతకుతమంటూ పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి, లేస్తున్నాయి. చెయ్యి పెట్టింది. లోపలి నుంచి ఏదో అరచేతిని తోస్తున్నది. చల్లగా, ఆగకుండా తోస్తున్నది.

గడిలో దొర పొద్దుగాల్నే గిలాస ఎత్తి చూసి ఉంటాడు. చూసి బర్ల కోసం మనుషులను పంపాడు.

బిందె అక్కడనే వదిలేసింది.

“ఓయ్!” కట్ట మీదికి కేకేసింది. కొమురెల్లి మత్తడిలో నడుంలోతు నీళ్లలో నిలబడి గడ్డపారతో తడిక గుంజలు పెకిలిస్తున్నాడు. “రంగు మారిందయ్యా!”

“ఎర్కే. మూలమీద కట్ట జారుతాంది.” అతను తిరిగి చూడలేదు. “ఇది పీకి వత్త. నువ్వు ఆళ్లను లేపు.”

“దొర తియ్యిమన్నడా?”

“దొర నాకేం జెప్పలే,” అన్నాడు కొమురెల్లి. గడ్డపార మళ్లీ దించాడు.

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అందరూ ఆమె లెక్కనే, కొంగులు నడుముకు దోపి ఇండ్లు అలుక్కుంటున్నారు. వెంకటయ్య గుమ్మానికి తోరణం కడుతున్నాడు.

“ఏం గాదే వదినా,” అన్నాడు. “సారు రాసుకపోయిండు గద, మనది మూడో రకమని. ఒకటో రకానిదైతే భయపడాలె. మూడోదానికి భయం లేదనే కదా రాసింది?”

“మనం లేమని రాసినందుకే మూడోది అయింది వెంకటయ్యా.”

“అంటే కట్ట?”

“కట్ట సంగతి ఆ కాయితంల లేనే లేదు.” ఆమెకు ఊపిరాడడం లేదు. చెయ్యి ఎత్తి అతని ఇంట్లోని గుంజను చూపింది. కోసిన పలుపు ముక్క గుంజకు వేలాడుతున్నది. “బర్లు ఏడికి వోయినయో సూడు. ఎందుకు వోయినయో సూడు.”

వెంకటయ్య పలుపు ముక్కను చూశాడు. గడి గడ్డ వైపు చూశాడు. తోరణం చేతిలోంచి జారింది. లోపలికి పోయి, మంచాన ఉన్న తల్లిని వీపున ఎత్తుకుని బయటికొచ్చాడు. అది చూసి మిగతావాళ్లు లేచారు. ఎవరూ మూటలు కట్టలేదు. హుసేన్‌బీ మేకల తాళ్లు విప్పి, చంకలో చాప పెట్టుకుని, “నడువున్రి బర్లు, నడువున్రి,” అని అందరినీ అదిలించింది. నవ్వు రాలేదు ఎవరికీ. సమ్మమ్మ చిట్టచివర బయలుదేరింది. ప్రతి ఇంట్లోకీ తల పెట్టి చూసి, పేరు పెట్టి పిలిచి, జవాబు లేకపోతేనే ముందుకు పోయింది. తన ఇంటి ముందు మాత్రం ఆగలేదు. అంటించిన పొయ్యి పొగ చూరులోంచి సన్నగా లేస్తున్నది.

గడి వెనక కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. బర్లన్నీ లోపల ఒక వరసలో కట్టేసి ఉన్నాయి. కట్ట కింది మనుషులు బర్ల పక్కనే, గోడ వార, గడ్డి మీద కూర్చున్నారు. వెంకటయ్య తల్లిని బర్లకు గడ్డేసే గాడిలో పడుకోబెట్టాడు. సారంగపాణి గొడుగు లేకుండా ఉరికొచ్చాడు. ధోవతి కుచ్చెళ్లు బురదలో ఈడ్చుకుంటున్నాయి.

“ఏందే ఇది? ఎవ్వలు రమ్మన్నరు? దొర బర్లను తెమ్మన్నడు గనీ...”

“మేము అవ్వే గద పంతులూ,” అన్నది సమ్మమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, ఉత్త అలసట. “సారు రాసుకపోయిండు.”

సారంగపాణి వాళ్లను ఒక్కొక్కరినీ చూస్తూ పోయాడు. ముసలివాళ్లను, పిల్లలను, హుసేన్‌బీ మేకలను. ఆ మొహాల్లో ఏవో కొన్ని లేనట్టు వెతికాడు. ఇప్పుడు అడిగిన మాట దొర అడగమన్నది కాదు. అతని లోపలి నుంచి వచ్చింది.

“కట్ట కింద ఇంకెవరన్న ఉన్నరా?”

సమ్మమ్మ కొట్టం తలుపు వైపు చూస్తూ కూర్చుంది. పొద్దు వాలుతుండగా ఆ తలుపులో కొమురెల్లి నీడ పడింది. ఒళ్లంతా నాచు, చేతులు నెత్తురు. గడ్డపార లేదు. లోపలికొచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. తడిక ఏమైందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆమె కొంగు తీసి అతని చేతికి చుట్టింది. అప్పుడు తల ఎత్తింది.

“ఎవ్వరు లేరు పంతులూ,” అన్నది.

కొట్టం నిండా నెమరు చప్పుడు. తడిసిన గడ్డి వాసన. చూరు నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు. ఈనేటట్టున్న బర్రె అందరికన్నా ముందు నెమరు ఆపింది. దాని పక్కది ఆపింది. ఆ వరసంతా, ఒకటి తర్వాత ఒకటి, దవడలు ఆపి, చెవులు నిక్కించి, కుంట దిక్కుకు తలలు తిప్పాయి.